తంబోలాకు ఆ మంచిపేరు ఎక్కడిది?

మా చిలకలగూడలో ఎవరింట్లోనైనా నలుగురు మగవాళ్లు పేకముక్కలు పట్టుకుంటే ఇల్లాలు తలుపు దగ్గరకు వేస్తుంది. అదే ఇంట్లో సీమంతానికో పుట్టినరోజుకో ముప్పైమంది చేరి తంబోలా ఆడితే తలుపులు బార్లా తెరిచే ఉంటాయి. అమ్మమ్మ ఒళ్లో కూర్చున్న పిల్లాడు కూడా అంకెలు కొట్టేస్తుంటాడు. రెండుచోట్లా పందెం డబ్బే. ఒకటి జూదమని, ఇంకొకటి కాలక్షేపమని ఎలా తేల్చాం? ఎవరు ఆడుతున్నారో చూశాం తప్ప ఏం ఆడుతున్నారో చూడలేదు.

తంబోలా టికెట్‌లో మూడు వరుసలు, పదిహేను అంకెలు. 1 నుంచి 90 దాకా ఏది ముందొస్తుందో ఎవరి చేతుల్లోనూ లేదు. ఆడేవాళ్లు చేయగలిగింది వినడం, కొట్టేయడం. ముందుగా ఐదు అంకెలు కొట్టే జల్దీ ఫైవ్ అయినా, పదిహేనూ కొట్టే ఫుల్ హౌస్ అయినా అంతే. రమ్మీలో కనీసం పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చుకోవాలి. ఈ మాటన్నది సుప్రీంకోర్టు, అదీ మన సికింద్రాబాద్ కేసులోనే. 1963లో ఇక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేశారు. 1967లో తీర్పు చెబుతూ జస్టిస్ హిదయతుల్లా, రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచే మూడు ముక్కలాట లాంటిది కాదన్నారు. అదే కొలతతో చూస్తే తంబోలా చోటు మూడు ముక్కలాట పక్కనే.

ఆ తీర్పులో జనం అంతగా గుర్తుచేయని మాట ఇంకొకటుంది. ఆట ఏదైనా, పందెం నడిచేచోట ఇంటివాడో క్లబ్బో లాభం తీసుకుంటే నేరం రుజువు కావచ్చన్నారు. నా దృష్టిలో అసలు గీత అదే.

తంబోలాకు మంచిపేరు ఊరికే రాలేదు. రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు దీన్నే హౌసీ పేరుతో ఆడిన రోజుల నుంచీ ఇది ఇంటిల్లిపాదీ కూర్చునే ఆట. టికెట్ కొన్నాక పందెం పెంచడానికి వీల్లేదు. పోగైన డబ్బు ఆడినవాళ్లకే తిరిగొస్తుంది. అంకెలు పిలిచే మనిషి నిదానంగా పిలుస్తాడు, ఆట అయ్యాక అందరూ భోజనాలకు లేస్తారు. జనాన్ని కాపాడింది ఈ కట్టుబాట్లే. పేరు మాత్రం ఆటకు దక్కింది.

ఇప్పుడు వాట్సాప్‌లో టికెట్, యూపీఐలో డబ్బు, తెర మీద అంకెలు. 50 రూపాయల టికెట్లు 40 అమ్మితే 2000. నిర్వహణ ఖర్చని పదో వంతు తీస్తే ఆటకు 200. ఎవరూ పట్టించుకోరు. పది ఆటలయ్యేసరికి మాత్రం ఒక ఆట సొమ్ము మొత్తం నిర్వాహకుల చేతికి చేరిపోతుంది. గెలిచినవాళ్ల కేకల్లో ఆ నష్టం వినపడదు.

ఇక ‘ఒక్క నంబర్‌లో పోయింది’ అన్న బాధ. నలభై టికెట్ల ఆటలో ఒకరికి ఫుల్ హౌస్ పడేసరికి ఇంకో పదిమందికైనా ఒకటో రెండో అంకెలే మిగిలి ఉండటం మామూలు లెక్క. ఆడినవాళ్లకు మాత్రం గెలుపు చేతిదాకా వచ్చి జారిపోయినట్టు అనిపిస్తుంది, ఇంకో టికెట్ కొనేస్తారు. పేకాటలో అప్పులపాలైన మనిషిని కూర్చోబెట్టిందీ ఇలాంటి ఆశే. బ్రిటన్‌లోని బింగో హాళ్లలో పద్దెనిమిదేళ్లు నిండనివారు ఆడకూడదు. మనం ఎనిమిదేళ్ల పిల్ల చేతికి టికెట్ ఇచ్చి, గెలిస్తే వంద నోటు పెట్టి చప్పట్లు కొడతాం.

తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించి, నైపుణ్యం పేరుతో రమ్మీకి ఉన్న మినహాయింపునూ ఎత్తేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నైపుణ్యం, అదృష్టం తేడా లేకుండా నిషేధించింది. టికెట్ డబ్బు కట్టించుకుని ఫోన్‌లో నడిపే తంబోలాను సరదా అని వదిలేయడానికి కారణం కనిపించదు.

అపార్ట్‌మెంట్ సంఘాల పెద్దలకు, కిట్టీ పార్టీలు నడిపే అక్కలకు నా మనవి. తంబోలా ఆడండి, ఒకే గదిలో కూర్చుని ఆడండి. పోగైన ప్రతి రూపాయీ ఆ సాయంత్రమే పంచేయండి, వాటా తీయకండి. పిల్లల టికెట్‌కు డబ్బు వద్దు, గెలిస్తే పుస్తకమో బొమ్మో ఇవ్వండి. ఫోన్‌లో టికెట్ పంపి డబ్బు అడిగే గ్రూపులో ఉంటే ఈ వారమే బయటికి రండి.