కర్వ్స్ చేసి పంపారా?

బందరులో ఫ్లెక్సీలు డిజైన్ చేసే ఏ కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. కోరల్‌డ్రాలో పని పూర్తయ్యాక, ఫైలును ప్రింటింగుకు పంపే ముందు అక్షరాలన్నిటినీ కర్వ్స్ చేయాలి. చేయకుండా పంపితే, అవతలి సిస్టమ్‌లో ఆ తెలుగు ఫాంటు లేకపోతే, పెళ్ళికొడుకు పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలూ కామాలూ బ్రాకెట్లూ కలగలిసిన చెత్త ఒకటి వచ్చి కూర్చుంటుంది. కర్వ్స్ చేశాక అక్షరం ఇక అక్షరం కాదు, గీసిన బొమ్మ. ఏ ఊళ్ళో తెరిచినా అలాగే ఉంటుంది. తర్వాత పేరులో తప్పు కనబడితే మాత్రం అక్కడికక్కడ దిద్దలేం, మళ్ళీ అసలు ఫైలు దగ్గరికి రావాల్సిందే. పుస్తకాల పని చేసేవాళ్ళకైతే ఇన్‌డిజైన్‌లో ప్యాకేజ్ అనే ఆదేశమే ఉంది. వాడిన ఫాంట్లనూ బొమ్మలనూ వెతికి ఒక ఫోల్డర్లో చేర్చిపెడుతుంది.

షాపులో కూర్చుని డీటీపీ నేర్చుకున్న కుర్రాడికి తెలిసిన ఈ జాగ్రత్త, అదే షాపుకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మిన ఇంజనీరుకు ఎందుకు ఉండదన్నది ఈ వారం నా ఫిర్యాదు.

మన దిగువ కృష్ణా ప్రాంతంలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ళు తక్కువేం కాదు. చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ వ్యాపారులు, పెడన కలంకారీ వాళ్ళు, గుడివాడ రైసుమిల్లులు, అవనిగడ్డ ఎరువుల దుకాణాలు, నాగాయలంక వైపు రొయ్యల మేత డీలర్లు. కొన్న రోజున మనిషి వచ్చి ఎక్కించి వెళ్తాడు, బాగానే నడుస్తుంది. సిస్టమ్‌ను ఫార్మాట్ కొట్టించిన రోజున, లేదా కొత్త సిస్టమ్ కొన్న రోజున అసలు రంగు బయటపడుతుంది. పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న సెటప్ ఫైలును నొక్కితే ఏదో డీఎల్ఎల్ (ప్రోగ్రాముకు తోడుగా ఉండాల్సిన ఫైలు) లేదంటుంది. ధాన్యం సీజన్లో గుడివాడ మిల్లుల్లో తరచూ వినిపించే సంభాషణ ఇలా ఉంటుంది:

“బాబూ, లారీలు గేటు బయటి దాకా ఆగిపోయాయి, కాటా ప్రోగ్రాం తెరుచుకోవట్లేదు.”

“ఏమొస్తోందండీ స్క్రీన్ మీద?”

“ఏదో మిస్సింగ్ అంటోందయ్యా.”

“మీ సిస్టమ్‌లో ఏదో తేడా ఉందండీ. మా దగ్గర బాగానే పనిచేస్తోంది. ఎనీడెస్క్ నంబరు చెప్పండి, ఇక్కణ్ణుంచే మీ సిస్టమ్ తెరిచి చూస్తాను.”

ఈ ‘మా దగ్గర బాగానే పనిచేస్తోంది’ అన్న మాటలోనే గుట్టంతా ఉంది. ప్రోగ్రాం రాసినవాడి కంప్యూటర్లో అది రాయడానికి వాడిన సరంజామా అంతా ముందే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సీ ప్లస్ ప్లస్ రన్‌టైమ్, డాట్‌నెట్, యాక్సెస్ డేటాబేస్ ఇంజన్, రిపోర్టు ముద్రించే క్రిస్టల్ రిపోర్ట్స్. ప్రోగ్రాం వాటి భుజాల మీద నిలబడి ఉందన్న సంగతి రాసినవాడికే గుర్తుండదు. కొన్నవాడి కొత్త సిస్టమ్‌లో ఆ భుజాలు లేవు. కూతుర్ని కాపురానికి పంపేటప్పుడు సారెలో మంచం దగ్గర్నుంచి పసుపు కుంకుమ దాకా పెట్టి పంపే ఊళ్ళు మనవి. వియ్యాలవారింట్లో మంచం ఉండే ఉంటుందిలే అనుకుని ఎవరూ ఊరుకోరు.

నిజానికి ఇంజనీర్ల పాత అలవాటుకూ ఒక కారణం ఉంది. హార్డ్‌డిస్కులు చిన్నవిగా, ఫ్లాపీలో 1.44 ఎంబీ మాత్రమే పట్టే కాలంలో ఒకే డీఎల్ఎల్‌ను పది ప్రోగ్రాములు పంచుకోవడం పొదుపు. విండోస్ 95, 98 రోజుల్లో ఆ పొదుపే కొంపలు ముంచింది. ఒక ప్రోగ్రాం సెటప్ తన పాత డీఎల్ఎల్‌ను కొత్తదాని మీద రాసేస్తే పక్క ప్రోగ్రాం పడకేసేది. 2001లో వచ్చిన ఎక్స్‌పీ నుంచి ఒకే డీఎల్ఎల్ వేర్వేరు వెర్షన్లు పక్కపక్కనే బతికే ఏర్పాటు వచ్చింది. ఇప్పుడు డిస్కులో చోటు ఒక సమస్యే కాదు. అలవాటు మాత్రం మిగిలింది.

కాటా సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే అక్కడ డీఎల్ఎల్‌తో కథ అయిపోదు. లారీ కాటా ఎక్కగానే బరువు చూపించే డబ్బా, సీరియల్ పోర్టు ద్వారా ఆ అంకెను కంప్యూటర్‌కు పంపుతుంది. ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టే ఉండటం లేదు కాబట్టి మధ్యలో యూఎస్‌బీ కేబుల్ ఒకటి పెడతారు. ఆ కేబుల్లో ఒక చిన్న చిప్, దానికో డ్రైవర్. ప్రొలిఫిక్ అనే తైవాన్ కంపెనీ పీఎల్2303 చిప్ ఇలాంటి కేబుళ్ళలో బాగా వాడుకలో ఉంది, దాని పాత రకాలూ నకిలీలూ ఇంకా ఎక్కువ. కొత్త విండోస్‌లో కొత్త డ్రైవర్ దిగాక, ఈ పాత చిప్‌ను 2012లోనే ఆపేశామనీ, అమ్మినవాణ్ణి అడగమనీ డివైస్ మేనేజర్‌లో ఒక వాక్యం చూపిస్తుంది. నిన్నటిదాకా బరువు చూపించిన కేబులే ఇవాళ మూగబోతుంది. మిల్లు గుమాస్తాకు అందులో ఏది అర్థం కావాలి? అమ్మిన సరుకులో కేబుల్ ఒక భాగం, దాని డ్రైవర్ మరో భాగం. ఫలానా చిప్ ఉన్న కేబులును అమ్మేవాళ్ళే ఇచ్చి, దానికి సరిపడే డ్రైవర్‌ను సెటప్‌లోనే పెట్టాలి. బజార్లో దొరికిన కేబుల్ తెచ్చుకోండి అనడం అమ్మకం కాదు.

డేటాబేస్ గొడవ ఇంకో రకం. మన చిన్న సాఫ్ట్‌వేర్లు చాలా వరకు విజువల్ బేసిక్ 6లో రాసి, యాక్సెస్ ఫైల్లో లెక్కలు దాచుకున్నవే. షాపు యజమాని కొడుకు 64 బిట్ ఆఫీస్ ఎక్కిస్తే, బిల్లింగ్‌కు కావాల్సిన 32 బిట్ యాక్సెస్ ఇంజన్ నేను ఎక్కనంటుంది. రెండూ మామూలుగా ఒకచోట ఇమడవు. దీనికి మందు కనిపెట్టాల్సిన పనేం లేదు. 2000 నుంచీ ఉన్న ఎస్‌క్యూలైట్‌ను ఎవరైనా ఉచితంగా తమ ప్రోగ్రాంలోనే కలిపేసుకోవచ్చు, వేరే సర్వరూ వద్దు, అనుమతీ వద్దు. లెక్కలు రాసే టాలీ మన ఊళ్ళలో వేళ్ళూనుకోవడానికి ఉన్న అనేక కారణాల్లో ఇదొకటని నా నమ్మకం. అది తన డేటాబేస్‌ను తన కడుపులోనే మోసుకుని వస్తుంది, ఫలానాది ముందు ఎక్కించుకోండని అడగదు.

ఇక తెలుగు. అందరూ మరిచిపోయే సరంజామా ఇదే.

బిల్లు మీద, కాటా స్లిప్పు మీద తెలుగు రావాలంటే రెండు కావాలి. ఫాంటు ఒకటి, వత్తులూ గుణింతాలూ సరైన చోట కూర్చోబెట్టే యంత్రాంగం ఒకటి. ఎక్స్‌పీలో తెలుగుకు గౌతమి ఫాంటు ఇచ్చారు గానీ, అక్షరాలు సరిగా కూడుకోవాలంటే రీజినల్ సెట్టింగుల్లో ఒక గడిలో టిక్ పెట్టి విండోస్ సీడీ పెట్టాల్సి వచ్చేది. విండోస్ 7లో వాణి చేరింది. ఆ రోజుల్లో రాసిన ప్రోగ్రాముల్లో చాలావాటికి గౌతమి ఉంటుందన్న భరోసా. విండోస్ 10 వచ్చాక గౌతమినీ వాణినీ తీసి, తెలుగు అదనపు ఫాంట్లు అని విడిగా ఎక్కించుకునే జాబితాలో పెట్టారు. మామూలుగా ఉండేది నిర్మల ఒక్కటే. అందువల్ల, గౌతమి కొలతలకు సరిగ్గా గీసుకున్న బిల్లు కొత్త సిస్టమ్‌లో వేరే ఫాంటుతో అచ్చయి, గడులు దాటి, మొత్తం అంకె పక్క వరుసలో పడుతుంది. పోనీ గౌతమిని సెటప్‌లోనే పెడదామంటే అది మైక్రోసాఫ్ట్ సొత్తు, మనం పంచడానికి లేదు.

పంచడానికి వీలున్నవి మన జిల్లా పేర్లతోనే ఉన్నాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత తెలుగు ఫాంట్లలో ఒకటి మండలి. మండలి వెంకటకృష్ణారావు పేరు మీద వచ్చింది. విద్యామంత్రిగా 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మనిషి, 1977 ఉప్పెన తర్వాత దివిసీమను వదలకుండా నిలబడిన మనిషి. ఇంకొకటి ఎన్‌టీఆర్. ఆయన నిమ్మకూరు బిడ్డ, 1983లో గుడివాడ నుంచి గెలిచినవారు. ఈ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. అంటే మీరు డబ్బుకు అమ్మే సాఫ్ట్‌వేర్‌లో కూడా వీటిని కలిపి ఇవ్వొచ్చు. ఫాంటును ఒక్కదాన్నే విడిగా అమ్ముకోకూడదు, లైసెన్సు కాగితాన్ని తోడుగా పెట్టాలి, అంతే. పైసా ఖర్చు లేని పని. అవనిగడ్డ దుకాణంలో బిల్లు మండలి ఫాంటులో రాకపోవడానికి బద్ధకం తప్ప కారణం నాకు కనిపించదు.

ఫాంటు పెట్టినంత మాత్రాన సరిపోదు. పీడీఎఫ్ తయారు చేసే లైబ్రరీల్లో చాలావాటికి వత్తు ఎక్కడ పెట్టాలో తెలియదు. అక్షరాన్నీ పొల్లునూ వత్తునూ విడివిడిగా పేర్చుకుంటూ పోతాయి. ప్రోగ్రాం రాసినవాడు గుడివాడ అని కొట్టి చూసుకుంటే కాస్త అటూఇటూగా అయినా చదవగలిగేలానే వస్తుంది, ఎందుకంటే ఆ పేరులో వత్తే లేదు. చిలకలపూడి అన్నా అంతే. మచిలీపట్నం, అవనిగడ్డ, కృష్ణా అని కొట్టి చూడాలి. విరిగేవి అక్కడ విరుగుతాయి. హార్ఫ్‌బజ్ అనే ఉచిత లైబ్రరీ ఈ కూర్పంతా చక్కగా చేస్తుంది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ లోపల ఉన్నది అదే. దాన్నీ సెటప్‌లో పెట్టుకోవచ్చు.

చిన్నవాళ్ళను మాత్రమే అనడం న్యాయం కాదు. టీడీఎస్ రిటర్నులు తయారు చేసే ఆర్‌పీయూ అనే అధికారిక ప్రోగ్రాం జావాలో రాసింది, ముందు సిస్టమ్‌లో జావా ఉండాలంటుంది. ఏ జావా, ఏ వెర్షన్ అన్న దగ్గర పన్ను లెక్కలు రాసే గుమాస్తాల సాయంత్రాలు కరిగిపోయాయి. ఆదాయపు పన్ను శాఖ కూడా చాలాకాలం అలాగే జావా అడిగింది. 2021లో కొత్త పోర్టల్‌తో పాటు ఇచ్చిన ఆఫ్‌లైన్ ప్రోగ్రాం మాత్రం తనకు కావాల్సింది తనతోనే తెచ్చుకుంటుంది. జావా వాళ్ళు సైతం ఇప్పుడు ప్రోగ్రాంనూ జావానూ కలిపి ఒకే సెటప్‌గా కట్టే పనిముట్టు ఇచ్చారు, 2021లో వచ్చిన జావా 16 నుంచి అది పక్కా అయింది. పైథాన్‌లో రాసేవాళ్ళకు పైఇన్‌స్టాలర్ ఉంది. యాంటీవైరస్ దాన్ని చూసి ఒక్కోసారి ఉత్తపుణ్యానికే బెదురుతుందన్న మాట నిజమే, దాన్ని కొంత తగ్గించే మందు సెటప్‌కు డిజిటల్ సంతకం చేయించుకోవడం. ఆ ఖర్చు మిగుల్చుకోవడానికి, విండోస్ హెచ్చరిక నీలం తెరగా వస్తే ‘రన్ ఎనీవే’ నొక్కెయ్యండని కొనుక్కున్నవాడికి నేర్పుతున్నారు. అదే వేలు రేపు వైరస్ మీదా నొక్కుతుంది.

అన్నీ కలిపితే సెటప్ బరువు పెరుగుతుందంటారు. పెరుగుతుంది. ఎలక్ట్రాన్‌తో కట్టిన ప్రోగ్రాం ఒక బ్రౌజర్‌ను మొత్తంగా మింగి వస్తుంది కాబట్టి చిన్నదానికే సెటప్ బాగా పెరుగుతుంది. కానీ కోడూరు వైపు వాన గట్టిగా పడి నెట్ పోయిన రోజున ఏది మేలు? పెన్‌డ్రైవ్‌లో ఉన్న పెద్ద సెటప్పా, మిగతాది నెట్ నుంచి దించుకుంటానని ఆగిపోయే చిన్న సెటప్పా? విండోస్ 10లో డాట్‌నెట్ 3.5 కావాలంటే అదీ మామూలుగా నెట్ నుంచే దించుకోవాలి. విజయవాడ ఆఫీసులో ఫైబర్ కనెక్షన్ మీద పరీక్షించినవాడికి ఆ ‘దించుకుంటోంది’ అన్న గీత ఎంతసేపు నిలబడిపోగలదో తెలియదు.

పరీక్షించడానికి కొత్త కంప్యూటర్ కొనాల్సిన పని కూడా లేదు. 2019 నుంచి విండోస్ 10 ప్రోలోనే శాండ్‌బాక్స్ ఉంది. తెరిచిన ప్రతిసారీ ఏమీ ఎక్కించని ఖాళీ విండోస్ దొరుకుతుంది, మూసేస్తే మాయమవుతుంది. నెట్ ఆపేసి, అందులో సెటప్ నడిపి, తెలుగు బిల్లు ఒకటి తీసి చూస్తే ఫిర్యాదు ఫోన్లలో సగం రావు. కేబుల్ సంగతి మాత్రం శాండ్‌బాక్స్‌లో తేలదు, దానికి నిజమైన కాటా దగ్గరికే పోవాలి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బందరు, గుడివాడ షాపుల్లో పాత సిస్టమ్‌లు ఒక్కొక్కటీ మారుతున్నాయి. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. పాత 32 బిట్ ప్రోగ్రాములు దాని మీద నడుస్తాయి గానీ, వాటిలో కొన్నింటి సెటప్‌లు 16 బిట్ కాలానివి, అవి తెరుచుకోవు. ప్రోగ్రాం బాగానే ఉండి, దాన్ని కట్టిన మూట విప్పలేని పరిస్థితి. మూటను మళ్ళీ కట్టి ఇవ్వాల్సిన సమయం ఇదే.

అన్నీ కలిపి కట్టడంలో ఒక చిక్కుంది. ఫ్లెక్సీని కర్వ్స్ చేసినవాడికి వచ్చే చిక్కే. జావా ప్రోగ్రాముల్లో వాడే లాగ్4జే అనే చిన్న భాగంలో 2021 డిసెంబరులో పెద్ద కన్నం బయటపడింది. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలు చదివే లైబ్రరీలో ఇంకొకటి, దాంతో బ్రౌజర్‌ను మింగిన ఎలక్ట్రాన్ ప్రోగ్రాములన్నీ కొత్త సెటప్‌లు పంపాల్సి వచ్చింది. విండోస్ తనంతట తాను సరిచేసుకునే భాగమైతే కొన్నవాడికి తెలియకుండానే అయిపోతుంది. మూటలో కట్టి పంపిన భాగాన్ని మాత్రం పంపినవాడే మార్చాలి. అందుకు ముందు, మూటలో ఏమేం కట్టాడో, ఏ వెర్షన్ కట్టాడో రాసిపెట్టుకుని ఉండాలి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళలో ఆ జాబితా చూపించగలిగేవాళ్ళు ఎందరో నాకు అనుమానమే.

ఏఎంసీ అని, నిర్వహణ పేరిట ఏటా డబ్బు తీసుకుంటున్నారు. చాలాచోట్ల దానికి అర్థం, ఫోన్ ఎత్తి ఎనీడెస్క్ నంబరు అడగడం. కట్టే యజమానులు ఈసారి రసీదు తీసుకునే ముందు రెండు అడగండి. ఖాళీ సిస్టమ్‌లో నెట్ లేకుండా ఎక్కే సెటప్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇస్తారా, అందులో ఉన్న భాగాల జాబితా కాగితం మీద ఇస్తారా అని. రెండోదానికి నీళ్ళు నమిలేవాళ్ళకు కొంత గడువివ్వొచ్చు. మొదటిదానికే నమిలితే, ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.