వివరం లేదు

హోసూరులో మా కంపెనీకి చోటు చాలటం లేదు. రెండో షెడ్డుకు ఊరు చూడాలన్నారు మా మేనేజరుగారు. 12 ఊళ్ల పేర్లు నా చేతికిచ్చి, "శుక్రవారానికి స్టేటుమెంటు తయారుచెయ్యండి. అందులో రెండు ఊళ్లకు వెళ్లి చూస్తాను" అన్నారు. అంటే తక్కిన పదింటినీ చూడకుండానే కొట్టివేస్తారన్నమాట. పెద్ద కంపెనీలవారికి దీనికి వేరే నిపుణులుంటారు గాని, మొదట వారు చేసేదీ ఈ కొట్టివేతే.

స్టేటుమెంటులో గడులు ఏమిటంటారా? ఎకరా ధర ఎంత, అమ్మకమా లేక 99 ఏళ్ల లీజా, దగ్గరి సబ్‌స్టేషను ఎన్ని కిలోవోల్టులది, ఇంకా ఎంత లోడు ఇవ్వగలదు, రోజుకు నీళ్లు ఎన్ని లీటర్లు, హైవే, రైలు, రేవు ఎంత దూరం, ఐ.టి.ఐ.లో ఏటా ఎంతమంది ఫిట్టర్లు తయారవుతారు.

ఆయా ఊళ్ల పరిశ్రమల ఆఫీసుల వెబ్‌సైట్లు తెరిచాను. ఒకదానిలో మొదటే జ్యోతి వెలిగిస్తున్న పెద్దలు, తరువాత పూలదండలు, ఆపైన "పెట్టుబడులకు స్వర్గం" అని లావుపాటి అక్షరాలు. ఆ స్వర్గంలో కరెంటు ఎంత ఉన్నదో మాత్రం లేదు. ఇంకొకచోట ఖాళీ ప్లాట్ల జాబితా ఉన్నది, ఏ నాటిదో తేదీ లేదు. ఫోను చేస్తే, ఆ పేరుగలాయన ఎప్పుడో బదిలీ అయ్యారట.

అందరూ ఇంతేనని అనను. సిప్‌కాట్‌వారు తమ పేటల్లో ఎకరా ధర వేస్తారు. కేంద్రప్రభుత్వం 2020 ఆగస్టులో మొదలుపెట్టిన ఇండియా ఇండస్ట్రియల్ ల్యాండ్ బ్యాంకులో పటం మీదనే పేటలూ, ఖాళీ ప్లాట్లూ చూడవచ్చు. ఇటువంటిచోట అరగంటలో సగం గడులు నిండుతాయి.

ఆ 12 ఊళ్లలో మా అత్తవారి ఊరు ఒకటి. అక్కడ స్థలమున్నది, నీళ్లున్నవి, కళ్లారా చూసినవాణ్ణి. మా బావమరిది కొడుకు ఐ.టి.ఐ. చదివి, రోజూ రెండు బస్సులు మారి పనికి పోతున్నాడు. తీరా వెబ్‌సైటులో చూస్తే ఐదు గడులకు అంకెలు లేవు. నాకు తెలిసినది నోటిమాట. స్టేటుమెంటులో నోటిమాట చెల్లదు. "వివరం లేదు" అని ఐదుసార్లు నా చేత్తోనే వ్రాశాను. మేనేజరుగారి ఎర్ర పెన్సిలు ముందుగా పడినది ఆ వరుస మీదనే. ఊరు మంచిది కాదని ఆయన అనలేదు, అసలేమీ అనలేదు. ఇలా ఒక షెడ్డు వచ్చి పోయిందని ఆ ఆఫీసువారికి తెలియను కూడా తెలియదు.

ఆదివారం అత్తవారింట భోజనం దగ్గర కుర్రవాడు, "మామయ్యా, మీ కంపెనీ ఇటు వస్తుందటగా?" అన్నాడు. నేను మజ్జిగ అడిగాను.

మర్నాడు ఆ ఆఫీసుకు తమిళంలో ఉత్తరం వ్రాశాను. ఈ ఐదు అంకెలూ, వాటి పక్కన తేదీ, పలికే మనిషి ఫోను నంబరూ వెయ్యండి, జ్యోతి బొమ్మ ఉన్నా ఫరవాలేదు అని. చదువరులు కూడా తమ ఊరి వెబ్‌సైటు ఒకసారి తెరిచి, ఎకరా ధర కనబడిందో లేదో నాకొక కార్డు ముక్క వ్రాస్తారా?