గద్దను బోనెక్కించకండి

అమెరికా పసిఫిక్ తీరంలో బాల్డ్ ఈగిల్ మీద ఓ అభియోగం చెలామణిలో ఉంది. ఈ గద్దలు మితిమీరి పెరిగాయట. మన నారాయణ పక్షికి దగ్గరి చుట్టమైన గ్రేట్ బ్లూ హెరాన్ గూళ్లలోంచి పిల్లల్ని తన్నుకుపోతున్నాయట. కాబట్టి వాటిని అదుపులో పెట్టాలట. వినడానికి జాలిగుండె మాటే, విచారణకు మాత్రం నిలవదు.

దేనితో పోలిస్తే మితిమీరినట్టు? అలాస్కా, హవాయిలను పక్కన పెడితే 1963లో అమెరికా మొత్తంలో తెలిసిన జంటలు 417. చేపల ద్వారా ఒంట్లోకి చేరిన డీడీటీ వల్ల గుడ్ల పెంకులు పలచబడి, పొదిగే పక్షి బరువుకే చితికిపోయేవి. 1972లో ఆ మందును నిషేధించాకే ఈ జాతి తేరుకుంది. 2007లో ప్రమాద జాబితాలోంచి బయటపడింది. అంటే హెరాన్లు నిశ్చింతగా పిల్లల్ని పెంచుకున్న ఆ 'మంచి రోజులు' విషం పుణ్యమే. వాటినే ప్రకృతి ధర్మమనుకోవడం, కరవు ఏడాది చెరువులో ఇల్లు కట్టి వానొచ్చాక నీళ్లను తిట్టడమే.

బాధితులుగా చూపిస్తున్న హెరాన్ల తీరు చూడండి. బ్రిటిష్ కొలంబియాలో వాటి కాలనీలు కొన్ని గద్ద గూటి పక్కనే వెలిశాయి. గూడు కట్టిన గద్దల జంట తన ఇలాకాలోకి మరో గద్దను రానివ్వదు. ఆ జంటకు కొన్ని పిల్లల్ని పోగొట్టుకున్నా, బయటి గద్దల నుంచి హెరాన్లకు కాపు దొరుకుతుందని పరిశోధకుల వివరణ.

ఆరిగన్‌లోని యాక్వినా హెడ్ దగ్గర మర్ అనే సముద్రపక్షుల కథ వేరు, కాదనను. గద్ద రాగానే అవన్నీ ఒక్కుమ్మడిగా లేచిపోతాయి. కాపలా లేని గుడ్లను గల్ పక్షులు దోచుకుంటాయి. నష్టం నిజమే. కానీ 2014–16లో సముద్రం విపరీతంగా వేడెక్కినప్పుడు తిండి కరవై, అలాస్కా మర్‌లలో సగం, అంటే దాదాపు 40 లక్షలు చనిపోయాయి. ఏ గద్దల గుంపుకు అంత చేతనవుతుంది?

ఈ 'అదుపు' కొత్త ఆలోచనా కాదు. సాల్మన్ చేపల్ని తినేస్తున్నాయంటూ అలాస్కా 1917 నుంచి దశాబ్దాల పాటు డబ్బిచ్చి మరీ లక్షకు పైగా గద్దల్ని చంపించింది.

హెరాన్ల మీద ప్రేమ ఉన్నవాళ్లు ఇళ్ల కోసం తీరం వెంబడి కూలుతున్న పెద్ద చెట్ల లెక్క అడగాలి. మర్‌ల మీద ప్రేమ ఉన్నవాళ్లు సముద్రం ఎందుకు కాగుతోందో అడగాలి. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాల్సింది మనుషులు. గద్ద మీద నేరం మోపడం ఇంత తేలికైంది అందుకే.