ఎక్కడం ఈజీనే.. దిగడమే అసలు ట్రెక్!

మన కృష్ణా డెల్టా వాళ్లకి కొండంటే మెట్లుండాల్సిందే. ఇంద్రకీలాద్రికి మెట్లూ ఉన్నాయి, ఘాట్ రోడ్డూ ఉంది. మంగళగిరికి మెట్లు. కొండపల్లి కోటకైతే బండి మీదే వెళ్లిపోవచ్చు. మిగతాదంతా కాలవలు, వరిచేలు. అందుకేనేమో, మెట్లు లేని కొండ కనబడితే మనవాళ్లకి కాళ్లు ఆగవు.

లాంగ్ వీకెండ్ దొరికితే మా బ్యాచ్ రాజమండ్రి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్తుంది. గుడిస కొండని మీరు రీల్స్‌లో చూసేసే ఉంటారు, అక్కడికి జీపులు తిరుగుతాయి. నేను చెప్పేది దాని చుట్టుపక్కల మనకి పేర్లు కూడా తెలియని అడవి కొండల గురించి. అక్కడ బోర్డుండదు, బాటుండదు. ఉండేదల్లా పాత కూపు రోడ్డు.

కూపంటే ఏంటి? అడవిని భాగాలు చేసి, వంతులవారీగా ఒక్కోదాంట్లో కలపో వెదురో నరుకుతారు. ఆ భాగమే కూపు. సరుకు దించడానికి లారీ పట్టేంత మట్టి రోడ్డు వేస్తారు. పనయ్యాక వదిలేస్తారు. ఆ రోడ్డు వేసింది కలప కోసం, శిఖరం కోసం కాదు. అందుకే కొండ నడుము దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి దారి మనమే వెతుక్కోవాలి.

మొదట్లోనే లాంటానా కంప, ముళ్లు, వెదురు పొదలు. చాలామంది ఇక్కడే వెనక్కి తిరుగుతారు. నిజానికి దట్టంగా ఉండేది ఆ రోడ్డు అంచే. చెట్లు నరికిన చోట ఎండ పడుతుంది కాబట్టి కంప ఏపుగా పెరుగుతుంది. అది దాటి పెద్ద చెట్ల నీడలోకి వెళ్తే నడక తేలికవుతుంది. కొండ వెన్ను, అదే రిడ్జ్, పట్టుకుని పైకి పోతే చాలు. ఎటునుంచి ఎక్కినా వెన్నులన్నీ శిఖరం దగ్గరే కలుస్తాయి.

అసలు కథ దిగేటప్పుడు మొదలవుతుంది. కలిసిన వెన్నులే ఇప్పుడు విడిపోతాయి. గిట్‌లో మెర్జ్ అయిన బ్రాంచులన్నీ మళ్లీ విడిపోయినట్టు! అన్నీ ఒకేలా ఉంటాయి, అన్నీ కిందికే పోతాయి. ఒకటి తప్పితే ఇంకో లోయలో తేలతాం. పైన 5 డిగ్రీలు పక్కకి తిరిగితే 2 కిలోమీటర్లు నడిచేసరికి 170 మీటర్లు పక్కకి పోతాం. అడవిలో అంత దూరంలో ఉన్న రోడ్డు కళ్లకి కనబడదు.

అందుకే మేం కొన్ని రూల్స్ పెట్టుకున్నాం. మ్యాప్ విజయవాడలోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి. రెండు వెన్నులు కలిసిన ప్రతిచోటా వెనక్కి తిరిగి ఫొటో తీసుకోవాలి, దిగేటప్పుడు కనబడేది ఆ వ్యూనే కదా. మధ్యాహ్నం 1 అయితే శిఖరం అందినా అందకపోయినా వెనక్కే. కూపు రోడ్డు చివరికి కాకుండా మధ్యకి గురిపెట్టి దిగాలి. చివరికి గురిపెడితే, కాస్త అటు తప్పినా రోడ్డే తగలదు. ఇంకోటి, ‘వాగు వెంట పోతే ఊరొస్తుంది’ అనే మాట ఇక్కడ నమ్మకండి. అమృతధార, జలతరంగిణి లాంటి జలపాతాలున్న కొండలివి. వాగు ఊరికంటే ముందు లోయ అంచుకి తీసుకెళ్లొచ్చు.

సీజన్ కూడా ముఖ్యమే. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో దిగుతున్న ట్రెక్కర్లని కార్చిచ్చు చుట్టుముట్టింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో మనలాంటి ఐటీ వాళ్లూ ఉన్నారు. గడ్డి ఎండిపోయిన వేసవిలో ఈ కొండల జోలికి వెళ్లకండి. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అటవీశాఖ పర్మిషన్ లేకుండా అసలే వెళ్లకండి.

చివరిగా, ఊళ్లోంచి ఒకరిని తోడు తీసుకెళ్లండి, కూలి సరిగ్గా ఇవ్వండి. మొన్న మాతో వచ్చిన కొండరెడ్డి అన్న శిఖరం మీద అందరం సెల్ఫీల్లో ఉంటే, “ఏ వెన్ను మీద ఎక్కామో గుర్తుందా బాబూ?” అనడిగాడు. అందరం ఫోన్లు చూసుకున్నాం. ఆయన చూసింది చెట్లని.

ఈ మన్యంలో రోడ్లకి ఇంకో చరిత్ర ఉంది. బ్రిటిష్ వాళ్లు పోడు మీద ఆంక్షలు పెట్టి, నర్సీపట్నం వైపు రోడ్డు పనుల్లో గిరిజనులతో అరకొర కూలికి చాకిరీ చేయించారు. ఆ కోపమే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద చేసిన దాడి దాకా వెళ్లింది. అలాంటి నేల మీద ఇవాళ మనం సరదాకి నడుస్తున్నాం. తోడొచ్చిన మనిషికి బేరమాడి కూలి తగ్గించడం ఏం బాగుంటుంది?

ఇంకో మాట. పేరులేని కొండ ఎక్కామని స్టేటస్ పెట్టేముందు ఆ ఊళ్లో ఒకసారి అడగండి. దానికి పేరుండే ఉంటుంది.