కాంక్రీటు లోపల కాపలా

కమ్మీకి తుప్పు పట్టిందంటే కోస్తావాళ్లు ఆశ్చర్యపోరు. సముద్రపు గాలి ఇనుమును ఎలా తినేస్తుందో వాళ్లకు రోజూ కనిపించేదే. మరి ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయే అనంతపురం సీమలో? అక్కడా పడుతుంది. దానికి కరువు కూడా ఒక కారణమే!

అదెలాగంటే... సిమెంటుకు క్షారగుణం ఎక్కువ. కొత్త కాంక్రీటు పీహెచ్ 12.5 పైనే ఉంటుంది. ఆ క్షారంలో ఉన్నంతకాలం కమ్మీ చుట్టూ కంటికి కనిపించని రక్షణ పొర ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి దిగి ఆ క్షారాన్ని విరిచేస్తుంది. నీళ్లలోని క్లోరైడ్ ఉప్పులు నేరుగా ఆ పొరనే కొరుకుతాయి. సరిగా తడపని కాంక్రీటు నిండా సన్నటి రంధ్రాలే కాబట్టి ఈ రెండింటికీ దారి సులువు. ఎండ, పొడిగాలి ఉన్నచోట కనీసం పది రోజులు తడపాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదనీ అంటోంది. తాగునీటికే ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లో పది రోజులు శ్లాబు తడిపేదెవరు? ఉప్పు తేలిన బోరు నీళ్లను కాదనేదెవరు?

తుప్పు పట్టిన ఇనుము రెండు నుంచి ఆరు రెట్లు ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులు ఊడతాయి. అవి మన కంటపడేసరికి లోపల జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ఇటలీలోని జెనోవాలో 2018 ఆగస్టు 14న మొరాండి వంతెన కూలి 43 మంది చనిపోయారు. కాంక్రీటు తొడుగు లోపలి ఉక్కు తీగలు తుప్పుపట్టిన సంగతి పైకి సరిగా కనిపించలేదు.

అందుకే కాంక్రీటు పోసేటప్పుడే లోపల సెన్సర్లు పాతిపెట్టే పద్ధతి వచ్చింది. జర్మనీలోని ఆఖెన్ శాస్త్రవేత్తలు నిచ్చెన మెట్లలా ఉక్కు ముక్కల్ని వేర్వేరు లోతుల్లో అమర్చారు. వాటికి తోడుగా తుప్పు పట్టని లోహం ఒకటి పెట్టారు. ఏ ముక్క రక్షణ పొర పోతే ఆ ముక్క నుంచి, టార్చిలైటు బ్యాటరీలో లాగా, చిన్న కరెంటు పుడుతుంది. అంటే ప్రమాద సంకేతాన్ని తుప్పే తయారుచేసి పంపుతుందన్నమాట! పై మెట్టు నుంచి కింది మెట్టుకు ఎన్నేళ్లు పట్టిందో చూస్తే కమ్మీ దాకా రావడానికి ఇంకెంత గడువుందో అంచనా వేయొచ్చు. తమిళనాడులోని కారైకుడిలో ఉన్న కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ కూడా కాంక్రీటులో పాతే మాంగనీస్ డయాక్సైడ్ ఎలక్ట్రోడ్లను రూపొందించింది.

ఇక కబురు బయటికి రావడం ఎలా? పాతిన బ్యాటరీ అయిపోతే మార్చడానికి కాంక్రీటు పగలగొట్టాలి. దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, టోల్‌గేటు దగ్గర కారు అద్దం మీది ఫాస్టాగ్ పద్ధతి. దాంట్లో బ్యాటరీ ఉండదు. బయటి యంత్రం పంపే రేడియో తరంగాల నుంచే శక్తి తీసుకుని జవాబిస్తుంది. రెండోది, పైన చిన్న సోలార్ పలక పెట్టి, కూడబెట్టిన కరెంటుతో రోజుకోసారి క్షణకాలం సందేశం పంపడం. ఎండకు ఈ సీమలో కొదవా? కాకపోతే తడి కాంక్రీటు రేడియో తరంగాల్ని మింగేస్తుంది. అందుకని యాంటెన్నాను పైకి దగ్గరగా ఉంచాలి.

అనంతపురం సీమకు ఇది తాగునీటి సమస్య కూడా. భూగర్భజలాల్లో ఫ్లోరైడు ఉన్న ఈ ప్రాంతంలో సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా గ్రామాలకు నీళ్లు చేర్చింది. ఇలాంటి ఊళ్లలో ట్యాంకు పాడైందని పక్కన పెట్టేస్తే జనం మళ్లీ ఫ్లోరైడు బోరు దగ్గరికే బిందెలు పట్టుకెళ్లాలి. కూలేదాకా ఆగకుండా ముందే తెలిస్తే మరమ్మతుతో సరిపోతుంది. ఇదివరకే కట్టిన ట్యాంకులకూ పరీక్ష ఉంది. రాగి ఎలక్ట్రోడుతో బయటి నుంచే వోల్టేజీ కొలుస్తారు. మైనస్ 350 మిల్లీవోల్టుల కంటే కిందికి దిగితే తుప్పు నడుస్తోందనడానికి 90 శాతానికి పైగా అవకాశం ఉన్నట్టు.

మన ఇళ్లకు సెన్సర్లు అక్కర్లేదు, కళ్లు చాలు. శ్లాబు కింద కమ్మీ వెంబడే గీతలా చీలిక, గోధుమరంగు మరక కనిపిస్తే సున్నం పూసి దాచొద్దు, ఇంజినీరుకు చూపించండి. కొత్తిల్లు కడుతుంటే కలిపే నీళ్లను ముందు పరీక్ష చేయించండి. శ్లాబు మీద గోనెపట్టాలు పరిచి తడపండి. తక్కువ నీళ్లతోనే తడి ఎక్కువసేపు నిలుస్తుంది.