విజయపురి గురించి లాంచీలోనే చెప్పండి

పురావస్తు, పర్యాటక శాఖల అధికారులకు,

నాగార్జునకొండకు లాంచీ ఎక్కినవారు సాగర్ నీళ్లనూ చుట్టూ కొండలనూ చూసి మురిసిపోతారు. మురిసిపోవాల్సిందే. కానీ ఆ నీళ్ల అడుగున ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉందని లాంచీలోనే వారికి చెప్పించండి. 1954 నుంచి 1960 దాకా లోయను తవ్వి, అది జలాశయంలో మునిగేలోపు కొన్ని కట్టడాలను కొండమీదికీ అనుపుకూ తరలించి తిరిగి కట్టారు. ఆ ఇక్ష్వాకు రాజులేమో యజ్ఞాలు చేశారు, వారింటి ఆడవాళ్లు బౌద్ధ విహారాలు కట్టించారు (నాకైతే రాజులకన్నా వీళ్లే ఆసక్తికరం). మహాచైత్యం అనే పెద్ద స్తూపం నిర్మాణం వెనుక ఉన్నది ఒక రాజు సోదరి శాంతిశ్రీ. విజయపురిలో సింహళ భిక్షువుల విహారమూ ఉండేది. తరలించిన ఒక్కో శిథిలం లోయలో ఏ చోటిదో చూపే పటం తెలుగులో పెట్టించండి. కొండమీద తీరిగ్గా తిరిగేంత వ్యవధి కూడా ఇప్పించండి.

ఇట్లు,
ఒక సందర్శకుడు