ఎవరి ముందు తగ్గుతున్నాం?



వేసవి బైబిల్ తరగతుల్లో పిల్లలు హల్క్ గెలుస్తాడా, సూపర్‌మ్యాన్ గెలుస్తాడా అని వాదించుకుంటున్నారు. హల్క్‌కు కోపం పెరిగే కొద్దీ బలం పెరుగుతుందట. ఇంకొకడు అడ్డొచ్చి, సూపర్‌మ్యాన్ ఎప్పుడూ పూర్తి బలంతో కొట్టడు, కొడితే అవతలి మనిషి మిగలడు అన్నాడు. సమ్సోను పాఠం చెప్పడానికి వెళ్లిన మాకు ఆ మాటే మనసులో నిలిచిపోయింది.

మన సీమకు ఇది కొత్త కథేమీ కాదు. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర వచ్చాయి. రెండూ బి. గోపాల్ తీసినవే. ఒకదానిలో హీరో హోటల్లో పనివాడు, రెండోదానిలో కాశీలో టాక్సీ డ్రైవరు. సగం సినిమా తల వంచుకొని తిరుగుతాడు. ఆ తల ఎప్పుడు లేస్తుందా అనే జనం కూర్చుంటారు. మన దృష్టిలో ఓర్పు అంటే ఇంటర్వెల్ దాకా ఓర్చుకోవడం.

గెత్సేమనేలో ఆ ఇంటర్వెల్ రాలేదు. తండ్రిని అడిగితే పన్నెండు సేనావ్యూహాలకు మించిన దూతలు వస్తారని ప్రభువే చెప్పాడు (మత్తయి 26:53). రోమా సేనావ్యూహానికి ఐదారు వేల మంది. హిజ్కియా దినాల్లో ఒక్క దూత ఒక్క రాత్రిలో 1,85,000 మందిని హతం చేశాడు (2 రాజులు 19:35). లెక్క మీరే వేసుకోండి. అంత బలం ఉండి, పేతురు నరికిన చెవిని ముట్టి బాగుచేశాడు. తనను పట్టుకోవడానికి వచ్చినవాడి చెవి అది.

దీన్ని మేము ఎన్నోసార్లు ప్రసంగించాం. కానీ మనం తగ్గేది ఎవరి దగ్గర? గని యజమాని తిడితే నోరెత్తం. అప్పిచ్చినవాడు నలుగురిలో అడిగితే నేల చూస్తాం. ఇంటికొచ్చాక మాత్రం చారులో ఉప్పు తక్కువైందని పళ్లెం ఎగురుతుంది. బయట చూపింది సాత్వికం కాదు, భయం.

ఎవరినో అనడం లేదు. ఒకసారి ఒక పెద్దమనిషి అందరి ముందు మమ్మల్ని చిన్నబుచ్చితే నవ్వి ఊరుకున్నాం. అయ్యగారికి ఎంత సహనమో అన్నారు. ఆ రాత్రి ఎక్కాలు తప్పు చెప్పాడని మా చిన్నోడి చెంప పగలగొట్టాం. తర్వాత క్షమాపణ అడిగాం. అయినా చాలా రోజులు మేము చెయ్యెత్తితే వాడు తల పక్కకు తిప్పుకునేవాడు.

1938లో సూపర్‌మ్యాన్ మొట్టమొదటి కథలోనే ఒక సంగతి ఉంది. భార్యను కొడుతున్న ఒక మగాడి ఇంటికి వెళ్లి వాణ్ణి ఎత్తి గోడకేసి విసురుతాడు. వాడు కత్తి దూస్తాడు, అది విరుగుతుంది, వాడు స్పృహ తప్పుతాడు. కొండలు మోసేవాడు అంతటితో ఆపాడు. ప్రభువు కూడా దేవాలయంలో కొరడా పట్టాడు (యోహాను 2:15), తన మీద ఉమ్మినవాళ్ల మీద మాత్రం పట్టలేదు.

మన బేతంచెర్లలో నాపరాయి తీసేవాళ్లను చూడండి. పొర లేవాలంటే దెబ్బ ఎంత పడాలో ఆ చేతికి తెలుసు. కొంచెం ఎక్కువైతే బండ రెండు ముక్కలవుతుంది, ఆ రోజు కూలి పోతుంది. రాయి మీద అంత జాగ్రత్త చూపే చెయ్యి, ఇంట్లో ఆ కొలత ఎందుకు మరిచిపోతుంది?

ఈ ఆదివారం సాయంత్రం పురుషుల కూడికలో మత్తయి 26వ అధ్యాయం చదువుతాం. ఈసారి అమ్మగారు, సంఘంలోని అక్కలు కూడా కూర్చుంటారు. ముందు వాళ్లు మాట్లాడతారు.